అవ్వ మడి నింపిన రోజు
ఇప్పుడంటే ఎండ తగలని గదిలో కూర్చుని పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా సంబరం చూడాల్సింది. మా అమ్మ నిజామాబాద్‌లో బీడీలు చుట్టి నన్ను వ్యవసాయ డిప్లొమా చదివించింది దేనికంటే, నేను ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటే కళ్లారా చూడాలని. తీరా నాకు దొరికిందేమో అంతర్జాతీయ వరి పరిశోధన ప్రాజెక్టులో పని. బోధన్ దగ్గరి ఊళ్లో బురదలో దిగి, మడిలో పాతిన చిల్లుల పైపులోకి స్కేలు దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రోజూ పుస్తకంలో రాయాలి. (అమ్మ మాత్రం వాడకట్టంతా "నా బిడ్డ సైంటిస్టు" అని చాటింపు వేసింది. నేనూ కాదనలేదు. వినడానికి బాగుంది మరి.)

లోకానికంతా తిండి పండించడం, భూమి వేడెక్కకుండా ఆపడం, ఈ రెండు బరువులూ నా ఒక్కదాని నెత్తి మీదే ఉన్నాయని అప్పట్లో నా గట్టి నమ్మకం. వరిమడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటే బురదలోంచి మీథేన్ పుట్టి గాలిలో కలుస్తుంది, నీళ్లూ కరెంటూ దండుగ. అందుకని మడిని నడుమ నడుమ ఆరనివ్వాలి. పైపులో నీళ్లు మట్టికి జానెడు కిందికి దిగాకే మళ్లీ మోటరు వేయాలి. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, మడి గల అవ్వను ఒప్పించడానికి నాకు నెల పట్టింది. ఆమె కొడుకు బోధన్‌లో ఆటో నడిపేవాడు, సేద్యమంతా అవ్వదే. మొదటిసారి మడి పగుళ్లు పట్టగానే అవ్వ బోరు ఎండిపోయిందని ఊరంతా పుకారు. దారిన పోయేవాళ్లు ఆగి అయ్యో పాపం అన్నారు, ఇందల్వాయి నుంచి అవ్వ చెల్లెలు ఫోనులో ఏడ్చింది. అవ్వ నన్ను పట్టుకుని దులిపేసింది.

"పిల్లా, నీ పైపు పాడుగాను! నా మొగడు సచ్చిననాడు గూడ గింతమంది పరామర్శకు రాలే!"

తిట్టింది గానీ మోటరు మాత్రం వేయలేదు. ఆ యాసంగి పంటకాలమంతా, నేను బస్సు దిగి పోయేసరికి పైపు దగ్గర గొంతుకూర్చుని లోపలికి తొంగి చూస్తూ ఉండేది. "ఇంక నాలుగు వేళ్లు దిగాలె, ఆగు" అని తన వేళ్లతో కొలిచి నాకే చెప్పేది.

ఇంతలో నా కాంట్రాక్టు ముగిసే రోజులొచ్చాయి. మా సారు ఫోను చేశాడు. "వియత్నాం నుంచి పెద్ద మేడం వస్తున్నరు. మడి ఆరి ఉండాలె. పైపుల నీళ్లు కిందికి కనవడాలె. లేదంటే నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను" అన్నాడు. అమ్మ చేసిన చాటింపు గుర్తొచ్చింది. అవ్వ దగ్గరికి పరుగెత్తి, రేపు దేశం కాని దేశం నుంచి మేడం మన మడి చూడటానికే వస్తోందని చెప్పాను. అవ్వ ముఖం చేటంత అయింది.

మర్నాడు పొద్దున పోయి చూద్దును గదా, మడి నిండా నీళ్లు! గట్టు అంచుదాకా తొణికిసలాడుతోంది. నాలుగు కొంగలు అందులో తాపీగా షికారు చేస్తున్నాయి.

"అవ్వా! గిదేంది? కొంప ముంచినవ్ గదా!"

"ఏం జేయాలె మరి? సుట్టం ఇంటికొస్తే ఉట్టి కుండ సూపెడ్తమా?" అవ్వ నడుం మీద చేతులు వేసుకుంది. "అంత దూరంకెల్లి వస్తున్నరు, పగుల్లువడ్డ మడి సూపెట్టి ఊరి ఇజ్జత్ తీయమంటవా? తెల్లారంగనే మోటరేసిన."

నాకు పిచ్చెక్కింది. పార అందుకుని గట్టుకు గండి కొట్టాను. నీళ్లు బిరబిరా పక్క మడిలోకి. ఆ మడి రైతు "ఏయ్ పోరీ! నిన్ననే యూరియా సల్లిన, అంత కొట్కపోతది!" అని అరుస్తూ వచ్చి గండి పూడ్చేశాడు. నేను బకెట్ తీసుకుని తోడడం మొదలుపెట్టాను. (ఎకరం మడిని, బకెట్‌తో! డిప్లొమా కూడా చదివాను నేను.) అవ్వ ఊరుకుంటుందా? "సుట్టాలొచ్చే యాళ్లకు నీళ్లు తోడుతవా, దరిద్రం!" అంటూ బకెట్ రెండో పక్క పట్టుకుంది. నేను లాగాను, ఆమె లాగింది. ఉన్నట్టుండి ఆమె వదిలేసింది. నేను వెల్లకిలా బురదలో పడ్డాను, బకెట్ నా మీద పడింది. సరిగ్గా అప్పుడే జీపు హారన్ వినిపించింది.

జీపు దిగిన సారు నన్ను చూశాడు, మడిని చూశాడు, ఆకాశం వైపు చూశాడు. నేను లేచి, ముక్కు మీది బురద తుడుచుకుంటూ, "తప్పు నాదే సార్" అని భోరుమన్నాను. చిన్నగా, సన్నగా ఉన్న ఆ మేడం బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, చకచకా మడిలోకి దిగి వచ్చింది. నీళ్లెందుకు పెట్టావని సారు ద్వారా అవ్వను అడిగించింది.

"ఆరవెడ్తె మంచిగ పండుతదని నాకెర్కలేదా?" అంది అవ్వ. "రోజూ ఆరవెట్టుడే. మోటరు గూడ జర సుఖపడ్డది. ఇయ్యాల మీరొస్తున్నరని నింపిన. మీరు పోంగనే బంద్ జేస్త, మీరేం ఫికర్ జేయకుండ్రి."

సారు అది చెప్పగానే మేడం గట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఏ దేశం పోయినా మాదొకటే బాధ. మేం వచ్చిన రోజు చేస్తారు, మేం పోగానే మానేస్తారు. ఈమె మేం వచ్చామని ఒక్కరోజు మానేసింది!" అందట. తన తల్లిదీ వరి మడేనట, ఆమె అయినా ఇట్లాగే నింపేదట. పోయేముందు నా పుస్తకం అడిగి తీసుకుని, బురద వేలిముద్రలతో సహా ప్రతి పేజీ తిప్పి చూసింది. నా కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పెరిగింది. మోటరు మాత్రం ఆ సాయంత్రం దాకా అవ్వ కట్టేయనివ్వలేదు, జీపు ఊరు దాటాలట.

ఆ రోజు అవ్వ పరువు కోసం నీళ్లు నింపింది, నేను పరువు కోసం తోడాను. ఇద్దరిలో పని తెలిసిన మనిషి ఎవరో నాకు తప్ప అక్కడ అందరికీ అర్థమైంది. ఇప్పుడు జీపు దిగే మేడం నేనే. నా కోసమని ఊళ్లల్లో అన్నీ తీర్చిదిద్ది పెడతారు. వాటిని మెచ్చుకుని, "నిన్న ఎట్లుండె?" అని మెల్లగా అడుగుతాను. అడిగి, గట్ల వెంట ఓసారి చూస్తాను, బకెట్ పట్టుకుని ఏడుస్తున్న పిచ్చిపిల్ల ఎక్కడైనా ఉందేమోనని. ఉంటే, ఏం కాదు పో బిడ్డా అని చెబుదామని.