సోమవారం వినని చప్పుడు

పాత కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు వీధిలో స్థిరపడిపోయిన పేరు స్టెతస్కోపు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఏ ఇంటికి వెళ్ళినా, ఏ ఆఫీసుకు వెళ్ళినా ఆయన ముందుగా డబ్బా మూత తీయడు. స్విచ్చి వేసి, కుర్చీ పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాకు చెవి ఆనిస్తాడు. ఆగకుండా పొడుగ్గా కూస్తే ర్యామ్. ఒకటి పొడుగూ రెండు పొట్టీ కూస్తే డిస్‌ప్లే కార్డు. ఫ్యాను బరబరమంటే దుమ్ము. టిక్కు టిక్కుమంటే మాత్రం ఆయన మొహం మారిపోయేది. టక్కున స్విచ్చి ఆపేసి, "ఇందులో మీకు తప్పనిసరిగా కావలసినవేమిటో చెప్పండి, ముందు వాటిని బయటికి తీద్దాం" అనేవాడు. హార్డ్‌డిస్కు పోయే ముందు చేసే చప్పుడది. అది విన్నాక దానిచేత ఒక్క నిమిషం ఎక్కువ పని చేయించినా పాపం చుట్టుకుంటుంది.

ఇరవై ఆరేళ్ళు ఆ చెవే ఆయనకు అన్నం పెట్టింది. రెండేళ్ళుగా అదే చెవి మొరాయిస్తోంది. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. గోడ గడియారం ఆగిపోయిందేమో అనుకుని తలెత్తి చూస్తే ముల్లు హాయిగా తిరుగుతోంది. తర్వాత వంటింట్లోంచి భార్య అడిగే ప్రశ్నలు పోయాయి. అన్నిటికీ కలిపి "ఊఁ" అనడం అలవాటు చేసుకున్నాడు. ఒకరోజు ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడి, "పాలు విరిగిపోయాయి అంటే ఊఁ అంటారేమిటి, అదేమైనా శుభవార్తా?" అని నిలదీసింది. చెవులు చూపించుకోమని ఆవిడ పోరు. గుబిలి పట్టింది, తీయించుకుంటే సరిపోతుందని ఈయన వాదన. ఆ గుబిలి ఏడాదిన్నర అయినా తీయించుకోలేదు.

నిజం బయటపడితే పని పోతుందని ఆయన భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. కొత్త కంప్యూటర్లు ఆయన గడప తొక్కవు. ఆయన చేతికి వచ్చేవన్నీ పదేళ్ళు దాటినవి, ఇంకొక్క ఏడాది నడిస్తే చాలని యజమానులు దండం పెట్టుకునేవి. స్టెతస్కోపుకు చెవుడట అని పొద్దున ఒక ఆఫీసులో అంటే సాయంత్రానికి వీధి వీధంతా పాకుతుంది. అందుకని మోకాళ్ళ మీద కూర్చోవడం మానలేదు. చెవితోపాటు అరచేయి కూడా ఆనించడం మొదలుపెట్టాడు. ఫ్యాను అదురు చేతికి తెలుస్తుంది. బీపు గట్టిదైతే చెవికీ తెలుస్తుంది. మిగతాదంతా అనుభవం మీద నెట్టుకొస్తున్నాడు. మనిషి అలిసిపోయేది పని వల్ల కాదు, ఇలా దాచిపెట్టుకుని తిరగడం వల్లే.

ఆ సోమవారం టైలరమ్మ ఫోన్ చేసింది. నాలుగు కుట్టుమిషన్లు పట్టిన ముందుగదే ఆమె దుకాణం. మూలనున్న కంప్యూటరుకు పద్నాలుగేళ్ళు. అన్నేళ్ళుగా కుట్టించుకున్నవాళ్ళ కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం ఒక బడి పిల్లల యూనిఫారాలు. రెండువందల పదహారు మంది కొలతలు తీసి ఎక్కించుకున్నాక పిల్లలు సెలవులకు ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. ఇంక పదమూడు రోజుల్లో బడి తెరుస్తారు. తెరిచిన రోజుకు బట్టలు అందాలి.

"అన్నయ్యగారూ, ఆన్ చేస్తే మధ్యలో ఆగిపోతోందండీ. తేదీ కూడా ఎప్పటిదో చూపిస్తోంది" అంది.

వెళ్ళి చెవి ఆనించాడు. అరచేతికి ఫ్యాను బాగానే తగిలింది. తేదీ వెనక్కి పోయిందంటే లోపలి బ్యాటరీ అయిపోయినట్టే. నాణెమంత బ్యాటరీ మార్చాడు, దుమ్ము ఊదాడు, ర్యామ్ పీకి దాని పసుపుపచ్చటి అంచును పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. పాత కంప్యూటర్ల రోగాల్లో సగానికి ఇదే మందు. అది లేచి కూర్చుంది. పనిలో పనిగా డిస్కంతా తనిఖీ చేసే ప్రోగ్రాము కూడా నడపడం మొదలుపెట్టి, "రెండున్నర గంటలు పడుతుందమ్మా, అంతవరకూ ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున ఒక ఆఫీసులో ప్రింటరు పలకడం లేదంటే మూడంతస్తులు ఎక్కాడు. లిఫ్టు లేదు. తీరా చూస్తే ప్లగ్గు ఊడి కింద పడి ఉంది. అది పెట్టేసి, మోకాళ్ళు పట్టుకుని దిగుతుండగా టైలరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అసలు లేవడమే లేదట.

ఆయన వెళ్ళి డబ్బా పక్కన కూలబడి చెవి ఆనించబోయాడు. వెనకాల నిలబడ్డ టైలరమ్మ అంది:

"లోపల టిక్కు టిక్కుమని కొడుతోందండీ. సోమవారం కూడా కొట్టింది. మీరు చెవి పెట్టి మరీ వింటున్నారు కదా, మీకు తెలియనిదేముంది అని నేనేం అనలేదు."

సోమవారమే కొట్టింది. కొట్టుకుంటున్న డిస్కు మీద రెండున్నర గంటల తనిఖీ పడేసి వెళ్ళాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడేసిన మహానుభావుడు తనే.

చెప్పడానికి ఒక మాట సిద్ధంగానే ఉంది. "డిస్కులింతేనమ్మా, చెప్పా పెట్టకుండా పోతాయి." ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో, అప్పుడది నిజం కూడా. ఇప్పుడు చెప్పినా ఈమె నమ్ముతుంది. గదిలో కుడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు ఆపి ఇటే చూస్తున్నారు. బల్ల మీద కత్తిరించడానికి సిద్ధంగా నీలంగుడ్డ తాన్లు పేర్చి ఉన్నాయి. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి, అది ఆయన దగ్గర మిగల్లేదు.

"డిస్కు తప్పు కాదమ్మా. సోమవారం నాకు వినబడలేదు. రెండేళ్ళుగా వినబడటం లేదు. వినబడి ఉంటే అప్పుడే ఆపేసేవాణ్ణి. నేను చేసిన తనిఖీతోనే ఇది ఈ స్థితికి వచ్చింది."

టైలరమ్మ ఆయన వంకే చూసింది.

"మరి చెవెందుకు పెట్టారండీ?"

కోపంగా అరిచి ఉంటే బాగుండేది. ఆమె మామూలుగా అడిగింది, అదే ఎక్కువ తగిలింది.

ఆమె స్టూలు లాక్కుని డబ్బా పక్కన కూర్చుంది. "ఇప్పుడేం చేయాలో చెప్పండి" అంది.

ఆయన డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. "లోపలివి కొద్దికొద్దిగా బయటికి లాగుదాం. మీరు దీని దగ్గరే చెవి పెట్టండి. టిక్కు మొదలవగానే నా భుజం తట్టండి, ఆపేస్తాను. చల్లారాక మళ్ళీ."

ఆమెకు ఆ పని కొత్త కాదు. సూది వంగినా, బెల్టు వదులైనా చూడకముందే చప్పుడుతో పట్టుకునే మనిషి. మొదటిసారి నిమిషం కాకుండానే భుజం తట్టింది. ఆపాడు. పావుగంట ఆగి మళ్ళీ. "ఇప్పుడు బాగానే తిరుగుతోంది... ఇదిగో, మళ్ళీ గొంతు మారింది" అని తట్టేది. ముందు యూనిఫారాలే లాగారు, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఫైలు. అన్నం వేళ దాటిపోయింది, ఎవరూ లేవలేదు. నాలుగు గంటలకు ఎనిమిదో తరగతి కూడా బయటపడింది. తొమ్మిదోది సగంలో ఉండగా ఆమె భుజం తట్టలేదు, తల అడ్డంగా ఊపింది.

"గర్రుమని ఆగిపోయిందండీ. ఇంకేం చప్పుడు లేదు."

తొమ్మిది, పది తరగతులు కలిపి నలభై ఐదు మందివి పోయాయి. పద్నాలుగేళ్ళ మిగతా కొలతలన్నీ పోయాయి. ఆమె లేచి నడుం నిమురుకుంటూ, "ఊళ్ళో ఉన్నవాళ్ళ ఇళ్ళకు టేపు పట్టుకుని తిరగాలి. లేనివాళ్ళకు ఫోన్ చేయాలి. ఇంకేం చేస్తాం" అంది, ఆయనతో కాదు, పనివాళ్ళతో.

"నేనూ తిరుగుతానమ్మా."

"కొలత ఒకరు చెబుతుంటే ఒకరు రాసుకోవాలి అన్నయ్యగారూ. మీకు చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా."

కుట్టే ఆడవాళ్ళలో ఒకామె నవ్వు ఆపుకుంది. ఆయనకు ఒళ్ళు మండలేదు. "టేపు మీద అంకెలు కనబడతాయమ్మా. కొలిచేది మీరు, చూసి రాసుకునేది నేను" అన్నాడు. సరేననలేదు, వద్దనీ అనలేదు ఆమె.

సంచీ సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. ప్లీడరు ఆఫీసు గుమాస్తా. పన్నెండేళ్ళ నుంచీ వాళ్ళ కంప్యూటర్లు నాలుగూ ఆయన చేతిలోనే ఉన్నాయి, నెలకు రెండుసార్లైనా పిలుస్తారు. ఎప్పటిలాగే స్పీకరు పూర్తిగా పెంచాడు. గుమాస్తాది పెద్ద గొంతు. "లోపలి గదిలోది ఏదో చప్పుడు చేస్తోందండీ, వచ్చి ఒకసారి విని వెళ్ళండి" అన్నాడు.

ఆయన టైలరమ్మ వైపు చూశాడు. ఆమె గుడ్డ కొలుస్తోంది.

"వస్తాను. కానీ ముందే చెబుతున్నా, నాకు చెవి సరిగ్గా వినబడదు. నేను చూసేటప్పుడు పక్కన నిలబడి ఏ చప్పుడు వస్తోందో చెప్పడానికి మీలో ఒకరు ఉండాలి. అట్లా అయితే వస్తాను."

గుమాస్తా ఏదో అన్నాడు. ఎప్పుడూ అరిచేవాడు ఈసారి గొంతు తగ్గించాడు. ఒక్క ముక్క అందలేదు. ఫోన్ పెట్టేసినట్టు తెర మీద మాత్రం కనబడింది.

"ఏమన్నాడమ్మా?"

టైలరమ్మ టేపు మెడలో వేసుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆలోచించుకుని మళ్ళీ చేస్తానన్నాడు" అంది, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి.