యేసన్న అడగని ప్రశ్న

కల్యాణదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసే యేసన్నకు ఒక నియమం ఉంది. చెడిన వస్తువును బాగుచేసి ఇవ్వడంతో తన పని తీరిందని అతను అనుకోడు. అది ఎందుకు చెడిందో, అందులో ఎవరి తప్పు ఎంతో, యజమాని ముఖం మీదే చెబుతాడు. కంకర మిషను దగ్గర రాళ్లు మోసిన దంపతుల కొడుకు. పదో తరగతి దాకా చదివి, రేడియోలు విప్పుతూ ఈ విద్య నేర్చుకున్నాడు. ఈ పనిలో గడిపిన ఇరవై ఆరేళ్లలో అతని మాటకు నొచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఒక ఎండాకాలం, కుందుర్పి దగ్గరి పల్లె నుంచి గొర్రెల కాపరి తిప్పన్న పాత కంప్యూటర్ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. స్విచ్ వేసిన పావుగంటకల్లా బిగుసుకుపోతోందట. ఏ మీట నొక్కినా పలకదట. యేసన్న ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచాడు, ఫ్యాను దుమ్ము ఊదాడు, లోపలి కరెంటు కొలిచాడు. రెండు రోజులు ఆపకుండా నడిపించాడు. ఒక్కసారీ ఆగలేదు. రోగమేమీ లేదని పంపించాడు.

పది రోజులకు తిప్పన్న మళ్లీ వచ్చాడు.

"ఏమప్పా యేసన్నా, నీ అంగట్లో బుద్ధిగా ఉంటాది, మా ఇంటికొస్తే మూతి ముడుచుకుంటాది. కొత్త కోడలా ఏం, మా ఇంటి నీళ్లు పడకపోను?"

ఈసారి పవర్ సప్లై మార్చాడు. మళ్లీ రెండు రోజులు నిక్షేపంగా నడిచింది. ఇంటికి వెళ్లగానే మళ్లీ ఆగింది.

మూడోసారి యేసన్న పెట్టెను విప్పలేదు. అంగట్లో నడిచేది ఇంట్లో ఆగుతోందంటే కారణం ఇంట్లోనే ఉండాలి. పెట్టెను మోపెడ్‌కు కట్టుకుని, తిప్పన్నను వెనక కూర్చోబెట్టుకుని పల్లెకు వెళ్లాడు.

రేకుల ఇల్లు, నడిమధ్యాహ్నం. తిప్పన్న భార్య రామాంజినమ్మ పెట్టెను గోడగూట్లో పెట్టి, రంగులు గుర్తుపట్టి వైర్లు తగిలించింది. స్విచ్ వేసి, గుర్తుపెట్టుకున్న మీట నొక్కింది. ఆ తర్వాత నాలుగు మడతల బొంత తెచ్చి, చంటిబిడ్డకు కప్పినట్టు పెట్టె నిండా కప్పింది. ఒక పడుచువాని గొంతు వినిపించసాగింది. "రాష్ట్రంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లా అనంతపురం..."

"ఎవరక్కా?"

"మా తిప్పేషు. పరీచ్చలకు సదివేటప్పుడు వాని గొంతు వాడే పట్టి పెట్టుకున్యాడు. మళ్లా మళ్లా ఇంటే తలకెక్కుతాదంట."

తిప్పేష్ రెండేళ్ల క్రితం ఆ పరీక్షకు వెళ్తూ దారిలో లారీ కింద పడి చనిపోయాడు. రామాంజినమ్మకు అక్షరం రాదు. కొడుకు చెప్పే నదులు, రాజులు, చట్టాలు ఆమెకు ఒక్కటీ అర్థం కాలేదు. రోజూ వినేది.

"బొంత ఎందుకు కప్పినావు?"

"గాలికాలం కదప్పా. ఎర్రదుమ్ము పోతే చెడిపోతాదని వాడు గుడ్డ కప్పుతుండె. గుడ్డ పల్చనని నేను బొంత కుట్టినా."

కొడుకు కప్పింది పెట్టెను ఆపిన తర్వాత. పెట్టె నడుస్తున్నప్పుడు కూడా తల్లి బొంత తీయలేదు.

"మరి నా దగ్గరికి బొంత పంపలేదే?"

"మురికి బొంత, నీ అంగటికి ఎట్ల పంపేది?"

అంతలో గొంతు మాట మధ్యలో ఆగింది. యేసన్న బొంత లాగి చెయ్యి పెట్టాడు. పెట్టె రేకు పెనంలా కాలుతోంది. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. డిస్కు చచ్చే ముందు చేసే ఆ చప్పుడు అతనికి తెలుసు. వెంటనే స్విచ్ ఆపి, డిస్కు విప్పుకుని వెళ్లాడు.

నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. తిప్పేష్ గొంతు పట్టి పెట్టుకున్న ముప్ఫయ్యొక్క పాఠాల్లో రెండే తెరుచుకున్నాయి. రెండూ కలిపి తొమ్మిది నిమిషాలు.

వాటిని ఒక ఫోన్లో ఎక్కించి తీసుకెళ్లాడు. రామాంజినమ్మ ఫోను వైపు చూడలేదు.

"నిజం చెప్పప్పా. నా బొంతేనా?"

డిస్కు పాతదైపోయిందని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు.

"బొంత కారణమే అక్కా, వేడి పట్టింది. డిస్కు పాతది, అదీ కారణమే. కానీ రెండుతూర్లు అది నా దగ్గర బాగా నడిచింది. దాంట్లో ఏముండాదని నేను అడిగింటే గంటలో అన్నీ ఇంకోదాంట్లోకి ఎత్తి పెట్టింటాను. ముందు చేయాల్సిన పని అది. నేను చేయలేదు."

గడపలో కూర్చున్న తిప్పన్న నేల చూస్తూ అన్నాడు. "మోసుకొచ్చినోణ్ని నేను. నేనూ చెప్పలేదు కదప్పా. కొడుకు గొంతుండాదని అంగట్లో నిలబడి ఎట్ల చెప్పేది?"

ఎవరూ ఏడవలేదు. యేసన్న ఫోను ఆమెకు అందించాడు. రామాంజినమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నా చేతికొద్దు. ఇవి గూడా పోతాయి. నీ దగ్గరే పెట్టుకో. ఇనాలనిపిస్తే నేనే వస్తా."

ఎంత వాడినా ఇవి అరగవని, తను మూడు చోట్ల దాచాడని అతను విడమరిచి చెప్పాడు. ఆమె తల ఊపింది. చేతులు మాత్రం బయటికి తీయలేదు.

నెలకోసారి ఆ రెండు పాఠాలూ పలుకుతున్నాయో లేదో చూడటం ఇప్పుడు యేసన్న పనుల్లో ఒకటి. కుందుర్పి బస్సు అంగడి ముందే ఆగుతుంది. రామాంజినమ్మ ఇంతవరకూ దిగలేదు.