తాతగారి కుర్చీలో నల్లులు

మండపేటలో మా మేడ అమ్మేశాక రెండు గదుల అద్దె వాటాకు మారాం. తాతల నాటి సామాన్లలో వెంట తెచ్చుకున్నది తాతగారి పేము కుర్చీ ఒక్కటే. అందులో ఇంటి యజమానే కూర్చోవాలి, పనివాళ్ళు ముట్టుకోకూడదు. ఆ నియమం నేనూ తప్పలేదు.

పోయిన వేసవిలో నా వీపు మీద, తొడల మీద వరసగా దద్దుర్లు లేచాయి. దోమలనుకుని తెర కట్టించినా దురద తగ్గలేదు.

"ఒకే మంచం కదండీ, నన్నెందుకు కుట్టవు?" అంది మా ఆవిడ.

ఒక ఉదయం నా పంచె మీద నల్లి కనిపించింది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న సత్తెమ్మే తెచ్చిందన్నాను. వాటాల వాళ్ళందరూ చూస్తుండగా అరుగు మీద ఆమె సంచీ దులిపించాను. పాత చీర, దువ్వెన, బీపీ మాత్రలు పడ్డాయి. నల్లి పడలేదు.

"మేం గచ్చు మీదే పడుకుంటామండి బాబూ. మా ఇంట్లో మంచమే లేదు, నల్లులెక్కడ దాక్కుంటాయండి? మీరు పొద్దస్తమానం కూర్చునే ఆ కుర్చీ మీద మరిగిన నీళ్ళు పోసి చూడండి" అంది సత్తెమ్మ.

కుర్చీ నేనే అరుగు మీదికి తెచ్చాను. పక్క వాటావిడ మరిగిన నీళ్ళు తెచ్చి పోసింది. పేము అల్లికలోంచి నల్లులు బారులుగా బయటికొచ్చాయి.

"అయ్యగారి పరివారం ఇంకా బతికే ఉందండోయ్!" అందావిడ. అందరూ నవ్వారు.

సత్తెమ్మ నవ్వలేదు. వంగి మాత్రలు ఏరుకుంటోంది. తప్పయిందని చెప్పడానికి నోరు తెరిచాను. అంతమంది చూస్తున్నారు.

"రేపు పెందలాడే రా" అన్నాను.

ఆమె మళ్ళీ రాలేదు. ముట్టుకోనిచ్చి ఉంటే ఆ కుర్చీని ఆమె ఏనాడో శుభ్రం చేసేది. ఇప్పుడు వారానికోసారి అందరి ముందూ నేనే ఎండలో పెట్టి దులుపుకుంటున్నాను.