కౌజు గుడ్లకు వెళ్లి తెచ్చుకున్న తుమ్ములు

ఈ రోజు సాయంత్రం ఏన్కూరు నుంచి వైరా వస్తూ, దారిలో కౌజు పిట్టల షెడ్డు కనిపిస్తే గుడ్లు కొందామని ఆగాను. లోపల షెడ్డు నడిపే యాకూబ్ చాచా అప్పుడే దాణా బస్తా విప్పి తొట్లలో పోస్తున్నారు. ఆ పొడి లేవగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి.

"దాణా పడదా బేటీ? బయట నిలబడు, గుడ్లు నేనే తెస్తా" అన్నారాయన.

"పడదు చాచా. అయినా జరసేపు ఈడనే ఉంట" అన్నాను.

ఆయన వింతగా చూశారు. ఇక చెప్పక తప్పలేదు. మా ఆయన పెనుబల్లి దగ్గర ఒక కోళ్ల ఫారంలో దాణా కలిపేవారు. సాయంత్రం ఆయన గడప దాటుతుంటేనే వంటింట్లో నాకు తుమ్ము వచ్చేది. "తుమ్మినవా? అయితే నేనొచ్చిన" అని నవ్వుకుంటూ నేరుగా స్నానానికి వెళ్లేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి నాకు అలాంటి తుమ్ము రాలేదు.

చాచా ఒక స్టూలు తెచ్చి నా ముందు వేశారు.

"కూసో బేటీ. ఇంకో బస్తా విప్పేదుంది" అన్నారు.

ఇప్పుడు గుడ్లు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. కళ్లు మండుతున్నాయి, ముక్కు కారుతూనే ఉంది. అలర్జీ బిళ్ల చేతిలోనే ఉంది గానీ మింగబుద్ధి కావడం లేదు. ఇంత ఇష్టంగా తుమ్మినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?