పట్టుముక్క, గ్లాసుడు నీళ్లు

పళ్ల డాక్టరు గారి దగ్గర సాయంగా ఉండే ఆవిడను అందరూ గ్లాసమ్మ అంటారు. పన్ను ట్రేలో పడిందంటే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే నీళ్ల గ్లాసు మీదికి పోతుంది. "పుక్కిలించి ఉమ్మేయండి" అని నోరూ దానంతటదే అనేస్తుంది. ఆ మాట అంటూ అంటూనే జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి. సాయంత్రమయ్యేసరికి వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టవు.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది ఆవిడ సొంత అక్క. అక్కకు షుగరు. కిందటిసారి పన్ను పీకితే గాయం మానక, చీము పట్టి, మనిషి సగమైపోయింది. మళ్లీ అదే జరిగితే పడే ఓపిక అక్కకు లేదు, చూసే ఓపిక చెల్లెలికి లేదు. అందుకే గ్లాసమ్మ డాక్టరు గారి ప్రాణం తీసి మరీ ఒక కొత్త వస్తువు తెప్పించింది. పట్టుపురుగు గూటి నుంచి తీసిన సరుకుతో చేసిన చిన్న స్పాంజి ముక్క. పన్ను పోయిన గుంటలో పెడితే గాయం త్వరగా పూడుతుందని డాక్టరు గారి ఆశ. దొరికింది ఒక్కటే.

"పురుగు తిన్న పన్ను పీకి, మళ్లీ పురుగు గూడే కూరతారటే?" అంది అక్క.

"నోరు మూసుకో అక్కా. కాదు కాదు, తెరువు."

పన్ను వచ్చేసింది. డాక్టరు గారు ముక్కను గుంటలో పెట్టి, కుట్టు వేసే దారం కోసం అటు తిరిగారు. గ్లాసమ్మ పొద్దున్నుంచి నడుం వాల్చలేదు. గ్లాసు అక్క చేతిలో పెట్టి, "పుక్కిలించి ఉమ్మెయ్" అనేసింది.

మందులేసుకోమంటే వేసుకోదు, టీలో చక్కెర మానమంటే మానదు. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి మాట వినని ఆ మనిషి, ఆ ఒక్కసారి బుద్ధిగా విన్నది. ఎర్రటి నీళ్లతో పాటు పట్టుముక్క కూడా తొట్టిలో పడి, గొట్టంలోకి జారిపోయింది.

డాక్టరు గారు ఇటు తిరిగారు. "ఎవరు ఉమ్మమన్నారు?"

గ్లాసమ్మ నోరు తెరవబోయింది. అక్క ఆమె ముంజేతిని గట్టిగా గిల్లింది.

"ఎవరూ అన్లేదండీ. అడ్డంగా ఉంటే నేనే ఊసేశా," అంది తిమ్మిరెక్కిన పెదవులతో.

ఆయన చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టి, వట్టి దూది పెట్టారు. "మీరైనా చెప్పుకోండమ్మా మీ అక్కకి," అన్నారు. గ్లాసమ్మ తలూపింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

గాయం ఈసారీ మొండికేసింది. రోజూ పనికి వెళ్లేముందు ఆవిడ ఉప్పునీళ్ల గ్లాసు అక్కకు అందించేది, ఆ పాత మాట మాత్రం అనేది కాదు. ఒక పొద్దున అక్క గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

"చెప్పవే."

"ఏం చెప్పను?"

"పుక్కిలించి ఉమ్మమని. నువ్వు చెప్తేగానీ చెయ్యను."

గ్లాసమ్మ గోడకు చేరగిలబడింది. ఆ మాట నోట రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అక్క గ్లాసు దించలేదు.