తాత కథ ఆగిన మెట్టు

నా చిన్నప్పుడు మేం దోహాలో, ఉమ్ ఘువైలినాలోని ఒక పాత బిల్డింగులో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. దానికి లిఫ్టు ఉండేది. నేను పుట్టకముందే అది కాలం చేసిందని, లోపలే సమాధి చేసి తలుపు మూశారని మా పిల్లల నమ్మకం. మెట్లు మాత్రం బతికే ఉండేవి. ఉత్త చేతులతో ఎక్కితే యాభై నాలుగు, సామాను మోస్తే అయిదువందల నలభై.

ఆ ఏడాది మా తాత జగిత్యాల దగ్గరున్న మా ఊరి నుంచి విజిట్ వీసా మీద మూణ్ణెల్లు ఉండడానికి వచ్చాడు. ఊళ్ళో అందరికీ దుబాయ్ పోతున్నానని చెప్పి వచ్చాడు. రోజూ సాయంత్రం మేమిద్దరం కింద కిరాణా కొట్టుకి వెళ్ళి రొట్టెలూ టమాటాలూ తెచ్చేవాళ్ళం. పైకెక్కేటప్పుడు ఆయన ఒంటెల దొంగ కథ చెప్పేవాడు. ఆ దొంగ ఒక్కో మీసానికి ఒక్కో ఒంటెను కట్టి లాక్కుపోగల మొనగాడు. కథ ఎప్పుడూ ప్రాణం మీదికొచ్చే చోటే ఆగేది. "దొంగ కత్తి తీసిండు..." అని తాత రెయిలింగు పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. పక్కన నేను ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. మొదటి వారం కథ అంతస్తుకోసారి ఆగింది. నెల తిరిగేసరికి ఆరు మెట్లకోసారి ఆగింది. రోజురోజుకీ ఎంత రక్తి కడుతోందో అనుకున్నాను.

ఒక శుక్రవారం రెండో అంతస్తు మలుపులో దొంగ కత్తి తీశాడు. తాత ఈసారి గోడ వైపు చూడలేదు, గోడకే జారి కూలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఆ కళ్ళకి నేను కనిపించడం లేదు. చేతిలోని సంచి జారి, టమాటాలు ఒక్కో మెట్టే దిగుతున్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. మహా అయితే అర నిమిషం అయ్యుంటుంది. నా లెక్కలో అది ఒక పూర్తి వేసవి.

తేరుకోగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. డాక్టర్ చెయ్యి వెట్టిండంటే అన్‌ఫిట్ అని రాస్తడు. మీ నాయిన వీసా గూడ గుంజుకుంటరు."

ఆ మాట మా బిల్డింగు పిల్లలకి దయ్యం కన్నా పెద్దది. పని కోసం గల్ఫ్‌కొచ్చే ప్రతి మనిషీ మెడికల్ పాసవ్వాలి, అన్‌ఫిట్ అని పడితే ఇంటికే. తాత వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఆ మెడికల్ తప్పి, కట్టిన పెట్టె విప్పకుండా ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఆ ముద్ర ఈసారి కొడుకు మీద పడుతుందని ఆయన భయం. నేను ఒట్టు పెట్టాను.

నాలుగు రోజులు తాతని కనిపెట్టుకుని ఉన్నాను. తాత దగ్గితే నీళ్ళ గ్లాసుతో పరిగెత్తేవాణ్ణి. ఫోను మోగితే నాన్న వీసా పోయిందనుకునేవాణ్ణి. మెట్ల మీద తాత పంచె గట్టిగా పట్టుకునేవాణ్ణి, అంత మనిషినీ ఆ గుడ్డతో ఆపగలననే ధీమాతో. "పంచె ఊడగొడ్తవా ఏందిరా" అని నవ్వేవాడు. ఆ నవ్వు కూడా సగంలోనే ఆగేది.

పక్కింటి అక్కది కాకినాడ. ఒక క్లినిక్కులో నర్సు. ఆ శుక్రవారం డ్యూటీ నుంచి వస్తూ మెట్ల మీద దొరికిన మా టమాటాలు ఏరి తెచ్చి ఇచ్చింది. అప్పుడేమీ అడగలేదు. అయిదో రోజు మాత్రం కింద గుమ్మం దగ్గరే కాసుకుని ఉంది.

"తాతగారూ, కథ వీడికేనా? నాక్కూడా చెప్పండి. కాకపోతే మూడో అంతస్తు దాకా ఆపకూడదు."

"గదెంత పని" అని తాత మొదలుపెట్టాడు. దొంగ బయల్దేరాడు, ఒంటెలు బయల్దేరాయి. పదో మెట్టు దగ్గర గొంతు పోయింది. "గీడ... ఆపితెనే... మజా" అన్నాడు, మాటకో ఊపిరి తీసుకుంటూ.

అక్క వాచీ చూస్తూ తాత ఊపిరి లెక్కపెడుతోంది. "మజా బానే ఉంది. పరిగెట్టింది దొంగైతే రొప్పేది మీరేంటండీ?" ఆ వెంటనే నా వైపు తిరిగింది. "శుక్రవారం టమాటాలు ఎందుకు దొర్లాయిరా?"

తాత కళ్ళు నా మీదే ఉన్నాయి. ఒక పక్క నాన్న వీసా, ఒక పక్క తాత. తొమ్మిదేళ్ళ బుర్ర ఆ రెంటి మధ్యా నలిగి చివరికి తాత వైపు ఒరిగింది. "పడిపోయిండక్కా" అన్నాను. దోహాలో ఆ ఏడు కురవాల్సిన వానంతా ఆ తర్వాత ఆ మెట్ల మీదే కురిసింది. "నాయిన వీసా తీస్కోవద్దని చెప్పక్కా" అని ఒకటే ఏడుపు.

అక్క మెట్టు మీద నా పక్కన కూర్చుంది. "ఆ మెడికల్ ఉద్యోగానికొచ్చేవాళ్ళకిరా. చుట్టంచూపుగా వచ్చిన తాత గుండెకీ మీ నాన్న వీసాకీ సంబంధమే లేదు." సంచిలోంచి స్టెతస్కోపు తీసి నా చెవులకి పెట్టింది. నా గుండె లబ్‌డబ్ అంది. తాత గుండెలో ఆ రెంటి మధ్యా, దుమ్ముగాలి రోజున తలుపు సందులోంచి వచ్చే హోరు వినిపించింది. గుండెలో చిన్న తలుపులుంటాయనీ, పెద్దవయసులో అవి బిరుసెక్కి సరిగ్గా తెరుచుకోవనీ, రొప్పుని వయసనుకుని మనుషులు ఊరుకుంటారనీ చెప్పింది.

తాత చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. చివరికి "పోరని ముంగట నా పరువు దీస్తివి గదా బిడ్డా" అని నా భుజం మీద చెయ్యి వేసి లేచాడు. నాన్నకి ఆ సాయంత్రమే తెలిసింది.

తాతని తిరిగి పంపాక, హైదరాబాదులో ఛాతీ తెరిచి ఆ తలుపు మార్చారు. మేం ఇక్కడ ఫోను చుట్టూ కూర్చుని రోజులు గడిపాం. ఆయన ఇంటికెళ్ళాక మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నన్ను పిలిచి, ఒంటెల దొంగ కథ మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా చెప్పాడు. ఆపకుండా చెబితే ఆ కథ అంత చప్పగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. అంతకన్నా ఇష్టంగా నేను ఇంకే కథా వినలేదు. తాత ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు.

నిరుడు దోహాలోనే, అబూ హమూర్‌లోని మా ఇంట్లో మేడ ఎక్కుతూ మా నాన్న ఆరో మెట్టు దగ్గర ఆగి, పక్కింటి నీళ్ళ ట్యాంకును దీక్షగా చూశాడు. "వయసు గదరా" అన్నాడు. నేను వాదించకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అదే తలుపు. ఈ వయసువాళ్ళలో చాలామందికి ఉంటుందనీ, చెప్పుకునేవాళ్ళే తక్కువనీ డాక్టరు అన్నాడు. ఈసారి ఛాతీ కొయ్యలేదు. తొడలోని రక్తనాళం గుండా పంపి కొత్త వాల్వు అమర్చారు. మూడో రోజుకి నాన్న వార్డులో నడుస్తూ తిండి బాగాలేదని తగువు పెట్టుకున్నాడు.

పెద్దవాళ్ళని బాగున్నారా అని అడగడం నేను ఎప్పుడో మానేశాను. బాగున్నామనే అంటారు. వాళ్ళతో కలిసి మెట్లెక్కుతాను, మాట ఎక్కడ ఆగుతుందో వింటాను. మొన్న మా అమ్మాయికి ఈ సంగతే చెబుతూ మెట్లెక్కుతున్నాను. మా ఇంటి మెట్ల రెండో మలుపులో, కథ తాత కూలబడే చోటికి రాగానే ఆపాను. భలే చోట ఆపానని మురిసిపోయాను. అది నా ముఖంలోకి చూసి, మెల్లగా వాచీ చూసుకుంది.