రెండో తాళంచెవి

ఉదయగిరిలో నా ఫోటో స్టూడియో షట్టరుకు రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, రెండోది బిల్డింగు ఓనరు దగ్గర. "అది మా పద్ధతమ్మే" అన్నాడు అద్దెకిచ్చిన రోజే. పద్ధతులన్నీ వాళ్ళవే, తల ఊపడం మనవంతు. ఊపాను.

ఊళ్ళో వేరే స్టూడియోలున్నా వాటిలో కెమెరా పట్టేది మగవాళ్ళు. అందుకని ఆడవాళ్ళు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. చెక్క గరిటెలు చెక్కే ముస్లిం ఆడవాళ్ళు చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ వచ్చి, తలుపు వేయించి, బురఖా తీసి కెమెరా ముందు కూర్చునేవాళ్ళు. ఆ ముఖాలన్నీ నా పాత కంప్యూటర్లో ఉండేవి.

ఒకరోజు అలాంటి ముసలామె ఒకావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని విసురుగా లోపలికొచ్చింది. ఆ పిల్ల రోజూ బస్సులో ఆత్మకూరు వెళ్ళి డిగ్రీ చదువుతోంది. ముసలామె ఫోను తీసి నా ముఖం ముందు పెట్టింది. ఏదో పెళ్ళిసంబంధాల గ్రూపులో నేను తీసిన ఆ పిల్ల ఫోటో.

"ఇది నీ కాడ దిగిందే గదా? ఎట్టా బయటికి పోయినాది? నా కొడుకు దీన్ని కాలేజీ మాన్పించినాడు."

పిల్ల తల ఎత్తలేదు.

ఊళ్ళో పెళ్ళిసంబంధాలు చూసేది, ఆ గ్రూపు నడిపేది మా ఓనరే. వెళ్ళి అడిగితే దాచుకోకుండా చెప్పాడు. నేను మధ్యాహ్నం అన్నానికి పోయినప్పుడు షట్టరు ఎత్తి, ఫోటోలు పెన్‌డ్రైవులో ఎక్కించుకున్నాడట. "మంచి సంబంధం వస్తే వాళ్ళకే గదా మేలు? దానికింత గోలేంది?" అని నవ్వాడు. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోను? ఒళ్ళు మండిపోయింది. ఇక ఈయనకు ఒక్క ముఖం కూడా దక్కనివ్వకూడదనుకున్నాను.

కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టాను. పెడితే, ఓనరు ఆత్మకూరు నుంచి రిపేరు మనిషిని పిలిపించి డిస్కు ఊడదీయిస్తానన్నాడు. నిజమే, మామూలు పాస్‌వర్డ్ వాకిలికి గొళ్ళెం మాత్రమే. డిస్కు తీసి ఇంకో మిషనుకు తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. అందుకని డిస్కునే ఎన్‌క్రిప్ట్ చేయాలి. అప్పుడు ఫోటోలన్నీ అర్థంపర్థం లేని గజిబిజిగా మారిపోయి, పాస్‌వర్డ్ చెబితేనే మళ్ళీ ముఖాలవుతాయి.

నా మిషన్లో విండోస్ బదులు నడిచేది లినక్స్. పాత మిషను మీద బరువు తగ్గాలని, లినక్సుకు గుండెకాయలాంటి కెర్నెల్‌ను నేనే కూర్చుకున్నాను, అక్కర్లేదనుకున్నవన్నీ తీసేసి. ఇప్పుడా కూర్పు మెనూ తెరిస్తే డివైస్ మ్యాపర్ అనే వరస కింద, డిస్కుకు తాళం వేసి తీసే 'క్రిప్ట్ టార్గెట్' అన్నచోట ఖాళీ గడి. ఫోటోల కొట్టుకు ఇదెందుకని నేనే పీకేశాను! గడిలో 'ఎం' పెట్టాను. అంటే ఆ ముక్క కెర్నెల్లో కలవకుండా విడిగా డిస్కులో ఉంటుంది, కావాల్సినప్పుడు పిలుచుకోవచ్చు. ఫోటోలన్నీ వేరే డిస్కులోకి ఎత్తి సంచిలో పెట్టుకుని, కంప్యూటరు డిస్కుకు తాళం వేశాను.

మళ్ళీ ఆన్ చేస్తే లేవలేదు. నల్ల తెర మీద ఏవో తిట్లలాంటి వరసలు. తాళం తీయాల్సిన ముక్క తాళం లోపలే ఉండిపోయింది. మా అమ్మ ఒకసారి బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేస్తే ఎంత ఎగతాళి చేశానో! ఆమె కూతుర్నే కదా.

పెన్‌డ్రైవుతో మిషను లేపి, 'ఎం' తీసి 'వై' పెట్టాను. ఇక ఆ ముక్క కెర్నెల్లోనే ఉంటుంది. మళ్ళీ మొత్తం కూర్చడానికి ఆ ముసలి మిషను పొద్దుననగా మొదలుపెట్టి రొద చేస్తూనే ఉంది. వచ్చినవాళ్ళకు రేపు రమ్మని చెప్పాను. సాయంత్రానికి మిషను లేచి పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను, తెరుచుకుంది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. ఫోటోలన్నీ తిరిగి ఎక్కించి, సంచిలోని డిస్కుకూ అలాంటి తాళమే వేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఓనరు నా కుర్చీలో ఉన్నాడు. పక్కన స్క్రూడ్రైవరుతో రిపేరు మనిషి. ఊడదీసిన నా డిస్కు బల్ల మీద ఉంది. మనవరాలి ఫోటో చెరిపేయమని అడగడానికి వచ్చిన ముసలామె గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని అంతా చూస్తోంది.

"గజిబిజి తప్ప ఏం లేదన్నా ఇందులో" అన్నాడు రిపేరు మనిషి.

ఓనరు నావైపు తిరిగాడు. "పాస్‌వర్డ్ చెప్పమ్మే."

"చెప్పను."

"నా బిల్డింగులో నాకు తెలీని తాళమేంది?"

"బిల్డింగు నీదే అన్నా. ఆ ఆడోళ్ళ మొహాలు నీయి కావు."

"అయితే షాపు ఖాళీ చెయ్."

"చేస్తా. చచ్చినా పాస్‌వర్డ్ చెప్పను."

ఆ షాపు తప్ప నాకు వేరే ఆధారం లేదు. అయినా డిస్కు తీసి సంచిలో వేసుకున్నాను.

మర్నాడు నేను సామాన్లు సర్దుతుంటే ముసలామె మనవరాలితో వచ్చింది. నన్ను తనింటికి తీసుకెళ్ళింది. వీధివైపు గదిలో పేర్చి ఉన్న గరిటెలను ఇద్దరూ పక్కకు జరిపారు.

"ఇక్కడ పెట్టుకో నీ కెమెరా. దీని కాలేజీ సంగతి నా కొడుకుతో నేను తేల్చుకుంటా" అంది. తర్వాత కొంగు ముడి విప్పి, ఆ గది తాళంచెవులు రెండూ నా అరచేతిలో పెట్టింది. "రెండోది నాకెందుకు బేటీ? నీ కాడే ఉండనీ."

కళ్ళు తుడుచుకుని, సామాన్లు అక్కడికి చేర్చి, డిస్కు మళ్ళీ బిగించి కంప్యూటరు ఆన్ చేశాను. మిషను పాస్‌వర్డ్ అడిగింది. నేను కొట్టబోతుంటే ముసలామె మొహం అటు తిప్పుకుంది. ఇంతవరకు ఆమె నన్ను ఆ పాస్‌వర్డ్ ఏమిటని అడగలేదు. అడిగినా చెప్పను.